నూరీ నోట్లో లగాం

పదకొండేళ్ళ కిందట ఒకాయన నన్నొక ప్రశ్న అడిగాడు. "లేదు సారూ" అన్నాను. రెండంటే రెండు మాటలు. అప్పటినుంచి వాటిని మోస్తున్నాను. తవుడు బస్తాలు మోసిన వీపు నాది, బరువంటే తెలియనిదాన్ని కాను. కానీ బస్తానైతే ఎక్కడో ఒకచోట దించుతాం. దీన్ని దించే చోటు ఇన్నేళ్ళలో నాకు దొరకలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే విషయం ఇంత దూరం వచ్చేది కాదు. నా పేరు రాయను. గోదావరిఖని చుట్టుపక్కల ఒక చిన్న పశువుల దవాఖానలో అటెండరును, అంతవరకు చాలు. ఆ ఉద్యోగం మా ఆయనది. ఆయన పోయాక నాకిచ్చారు. మొదట్లో మేకపిల్ల చెవి పట్టుకోవాలన్నా వెనక్కి తగ్గేదాన్ని. పోనుపోను, పొగరుబోతు ఎద్దును కూడా ముక్కుతాడు పట్టి ఒక్కదాన్నే నిలబెట్టేదాన్ని. చేయి తిరిగిన మనిషినని నలుగురూ అనేవారు. నేనూ అనుకునేదాన్ని. అనుకోవడమే ముంచింది.

యాకూబ్ సంగతి చెప్పాలి. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పేవాడు. వాళ్ళ నాన్న బెల్లంపల్లిలో జట్కా తోలేవాడట, బొగ్గుబాయిలో షిఫ్టు దిగినవాళ్ళను ఇళ్ళకు చేర్చేవాడట. ఆటోలొచ్చి జట్కాలు పోయాయి గానీ, ఆ ఇంటికి గుర్రం మీద మోజు పోలేదు. ఆ ఏడు పాత గుర్రం ముసలిదైపోతే మహారాష్ట్ర వైపు నుంచి ఒక తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చుకున్నాడు. పేరు నూరీ. దాని జూలు దువ్వుతూ గంటలు గంటలు గడిపేవాడు. "నీ పెండ్లాం కుళ్ళుకుంటది తమ్మీ" అని నేను ఎగతాళి చేస్తే, "ఆమెకు నాకంటె నూరీ అంటెనే పానం అక్కా" అనేవాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది కూడా నూరీ వల్లనే. ఆ సంగతి వాడు ఎప్పుడూ అనలేదు, నాకే తెలుసు.

నూరీకి ఒకే ఒక్క భయం ఉండేది. మధ్యాహ్నం పూట ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో చేసే బ్లాస్టింగు. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత భూమి అదురుతుంది. మా ఇళ్ళలో గిన్నెలు గలగలమంటాయి, గోడలు నెర్రెలిస్తాయి, మేం మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుంటూనే ఉంటాం. ఊరికి కొత్తగా వచ్చిన చుట్టం ఉలిక్కిపడితే, ఏమైందని ఎదురు మేమే అడుగుతాం. పుట్టినప్పటి నుంచి వింటున్న చెవులకు అది వినపడదు. నాకూ వినపడేది కాదు. ఇది సాకు కాదు. నాకు వినపడకపోయినా దానికి వినపడుతుందని నాకు తెలుసు. యాకూబ్ నాకు చెప్పే వెళ్ళాడు.

అది శుక్రవారం. కడుపులో పురుగుల మందు తాగించడానికి నూరీని తెచ్చాడు. డాక్టరు సారు పల్లెల్లో టీకాలు వేయడానికి వెళ్ళి ఇంకా రాలేదు. నమాజుకు వేళవుతోంది. దవాఖానలో నేనొక్కదాన్నే ఉన్నాను. నూరీ నోట్లో లగాం ఉంది, అదే కళ్ళెం. దాని పగ్గాలు యాకూబ్ నా చేతిలో పెట్టాడు.

"పట్టుకోనే ఉండు అక్కా, కట్టకు. సైరనైతె దాని మొకం నీ బుజానికి ఆనిచ్చుకో, ఊకుంటది. గిట్ల పోయి గట్లొస్త."

"పో తమ్మీ. ఎడ్లనే పట్టిన, ఇదెంత" అన్నాను.

కాసేపు పట్టుకున్నాను. తర్వాత ఆకలైంది. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, ఇంకేదీ దొరకడం లేదు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. లోపల బల్ల మీద టిఫిన్ డబ్బా ఉంది. అందులో అన్నం, పచ్చిపులుసు. ఒక చేత్తో పగ్గాలు పట్టుకుని ఇంకో చేత్తో డబ్బా మూత తీయలేను కదా. మా ఆవరణలో ఇనుప పైపులతో చేసిన బోను ఉంది. పశువులను అందులో నిలబెట్టి సూదులు వేస్తాం. ఆ పైపుకు నూరీ పగ్గాలు కట్టేశాను.

కట్టడమే తప్పు. కట్టిన తీరు ఇంకా పెద్ద తప్పు. గుర్రాలవాళ్ళు వేసే ముడి వేరు. కొస పట్టి ఒక్కసారి లాగితే ఊడివస్తుంది. యాకూబ్ చేతుల్లో ఎన్నోసార్లు చూశాను. కానీ నా చేతికి వచ్చింది మా నాయిన ముడి. మా నాయిన బొగ్గుబాయిలో, బొగ్గు నింపి లాగే టబ్బుల దగ్గర పనిచేసేవాడు. ఏటవాలులో టబ్బు జారితే కింద ఉన్నవాళ్ళు బతకరు. అందుకని ఎంత గుంజితే అంత బిగుసుకునే ముడి వేసేవాళ్ళు. మా ఇంట్లో బట్టల తీగ నుంచి మేక మెడలో తాడు దాకా అన్నిటికీ అదే ముడి. ఇది పానాలు నిలవెట్టే ముడి బిడ్డా అని చిన్నప్పుడు నా చేతులు పట్టుకుని నేర్పాడు. దాన్ని తీసుకుపోయి నోట్లో ఇనుమున్న జీవానికి వేశాను.

సైరన్ మోగే ఉంటుంది. నాకు వినపడలేదు. నేల అదిరే ఉంటుంది. తెలియలేదు. నాకు వినపడింది నూరీ అరుపు. రెండో ముద్ద కలుపుతున్నాను అప్పుడు.

ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను. వెనక కాళ్ళ మీద కూలబడినట్టయి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వెనక్కి గుంజుకుంటోంది. లగాం ఇనుము కింది దవడను పట్టేసింది. ముడి విప్పబోయాను. అది గుంజేకొద్దీ ముడి రాయిలా అవుతోంది. చివరికి తలపట్టీ బకిలు ఊడి, లగాం నోట్లోంచి జారిపోయింది. ఊడగానే నూరీ తూలిపోయి, నిలదొక్కుకుని, కళ్ళు కనపడనట్టు ముందుకు ఉరికి పైపుకు నోరు గుద్దుకుంది. కింది ముందుపళ్ళు ఒకపక్కకి వేలాడాయి. నెత్తురు.

తర్వాత నేను చేసింది రాయాలంటే చేయి ఆగుతోంది. ముందు నూరీ దగ్గరికి పోవాలి కదా. పోలేదు. ముందు ముడి విప్పాను. వేళ్ళతో రాకపోతే పళ్ళతో కొరికి విప్పాను. లగాం తీసి, కడిగి, బకిలు మళ్ళీ పెట్టి, మేకుకు తగిలించాను. అప్పుడు నూరీ దగ్గరికి పోయాను. అది తల వంచి నా భుజానికి మొహం ఆనించింది. యాకూబ్ చెప్పాడే, అట్లాగే. నా జాకెట్టు తడిసిపోయింది. దానికి తెలియదా కట్టింది నేనేనని? అయినా నా దగ్గరికే వచ్చింది. అక్కడ ఇంకెవరున్నారు దానికి?

యాకూబ్ వచ్చేసరికి మాట సిద్ధం చేసుకున్నాను. నీళ్ళు తాగిద్దామని లగాం తీశాను, తలతాడు పట్టుకునే ఉన్నాను, నీళ్ళు పోయే మోరీ బండ మీద కాలు జారి నోటిమీద పడింది. అంతే అన్నాను. వాడు నన్నొక్క మాట అనలేదు. దాని నోరు చూశాడు, ఏడ్చాడు, తర్వాత కిందికి వంగి ఒక్కో కాలూ ఎత్తి డెక్కలు చూశాడు.

"లాడాలు అరిగినయ్ అక్కా. పెండ్లిళ్ళ సీజనైనంక ఏపిద్దామని ఆపిన. నేనే ఆపిన. జారదా మరి?"

లాడాల మాట నేను అనలేదు. అది వాడే తెచ్చుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. నేను చేసిందల్లా దాన్ని దించకపోవడం. ఇట్లా రాస్తుంటే ఇప్పుడు కూడా నా వంతు తగ్గించుకుంటున్నట్టుంది చూడండి. దొంగబుద్ధి పదకొండేళ్ళలో పోలేదు.

డాక్టరు సారు వచ్చాడు. ఖమ్మం వైపు మనిషి, చిన్న వయసు, చదువు మీద ప్రేమ ఉన్నవాడు. టార్చిలైటు వేసి చూశాడు. దవడ కింద చేయి పెట్టి వెనకదాకా తడిమాడు. నూరీ విదిలించుకుంది. ఆయన లేచి, చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు దగ్గరే ఉన్నారు కదా. ఒక్కటి చెప్పండి. దెబ్బ తగిలేటప్పుడు నోట్లో లగాం ఉందా? ఎక్కడైనా కట్టేసి ఉందా?"

"ఎందుకు సారూ?"

"ఊరికే పడిపోయి ఉంటే దెబ్బ ముందుపళ్ళ దగ్గరే ఉంటుంది. తీగతో కట్టి నేనే సరిచేస్తాను. లగాంతో గుంజుకుని ఉంటే మాత్రం పళ్ళ వెనక, ఇనుము ఆనే చోట కూడా దవడ విరిగి ఉంటుంది. అది పైకి కనపడదు. మన దగ్గర ఎక్స్‌రే లేదు. దానికి ఈ తీగ చాలదు, ప్లేటు వేయాలి. ఈరోజే హైదరాబాదుకు పంపాలి."

"ఇప్పుడే బండి మాట్లాడుత సార్. ఎంత దూరమైనా ఫికర్ లేదు" అన్నాడు యాకూబ్. నా వైపు చూశాడు. "చెప్పక్కా."

"లేదు సారూ" అన్నాను. "లగాం తీసిన. కట్టలేదు."

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? మహా అయితే ఒక మెమో ఇచ్చేవారు. ఆ మాత్రం నాకు తెలుసు. తండ్రి లేని నా పిల్లల గురించి అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను, అదీ అబద్ధమే. "కట్టకు" అని వాడన్నాడు, "ఇదెంత" అని నేనన్నాను. ఆ "ఇదెంత" అన్న నోటితో "నేనే కట్టిన" అనలేకపోయాను. నా పేరు, నా చేతి పనితనం, నా గొప్ప. ఒక జీవం దవడకు, నా గొప్పకు మధ్య ఒకటి ఎంచుకోమంటే నేను నా గొప్పను ఎంచుకున్నాను. ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

సారు మొదలుపెట్టాడు. మెడలో మత్తు సూది ఇచ్చాడు, పెదవి కింద మొద్దుబారడానికి ఇంకో సూది. నూరీ నిలబడే నిద్రపోయినట్టు తల వేలాడేసింది. ఆ తలను నేను పట్టుకోవాలి. పంటికీ పంటికీ మధ్య చిగురులోంచి లావుపాటి సూదిని అవతలికి గుచ్చి, సూది బొక్కలోంచి స్టీలు తీగను దూర్చి, సూదిని వెనక్కి లాగేసేవాడు. తీగ ఉండిపోయేది. అట్లా ఒక్కో పన్నూ చుట్టి, చివర రెండు కొసలు పట్టకారుతో మెలివేస్తుంటే, వేలాడుతున్న పళ్ళు మెల్లగా వరసలోకి వచ్చి నిలబడ్డాయి. ఎంత చక్కటి పని. పెదవికి గుచ్చుకోకుండా కొసను వంచి, చిగురులోకి నొక్కాడు. యాకూబ్ రెండు చేతులూ పైకెత్తి దువా చేశాడు.

ఆ మెలివేతలో నా బొటనవేలు దవడ వెనక భాగంలో ఉంది. లగాం ఆనే చోట. సారు తీగ బిగించినప్పుడల్లా నా వేలి కింద ఏదో కదిలింది. గల్లుప్పు నలిగినట్టు. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. సారు చేతులు ముందుపళ్ళ దగ్గర ఉన్నాయి, ఆయనకు తెలియదు. నూరీకి మత్తు. తెలిసింది నా వేలికి ఒక్కదానికే. ఇప్పటికైనా "సారూ, ఇక్కడేదో కదులుతుంది" అంటే చాలు. లగాం మాట కూడా ఎత్తక్కర్లేదు. నేను దొరకకుండానే అది బతికేది. ఆ దారి కూడా నా ముందు ఉండింది. ఆ మాట కూడా నేను అనలేదు. ఒకటంటే రెండోది అడుగుతారని భయం. మొదటిది భయంలో నోరుజారిన అబద్ధం అనుకుందాం. ఇది? దీనికి నా దగ్గర పేరు లేదు.

మొదటి వారం బాగానే ఉంది. నూరీని దవాఖాన ఆవరణలోనే ఉంచమన్నాను, నేను చూసుకుంటానన్నాను. తవుడు జావ కాచి, జొన్న గట్క పలుచగా చేసి, గోరువెచ్చగా తాగించేదాన్ని. తాగిన ప్రతిసారీ పెద్ద సిరంజితో ఉప్పునీళ్ళు కొట్టి తీగల మధ్య కడిగేదాన్ని. ఆదివారాలు కూడా పోయాను. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. కన్నబిడ్డకైనా ఇంత చేయరన్నారు. యాకూబ్ పెళ్ళాం సేమియా వండి పంపింది. ఆ గిన్నె ముందు పెట్టుకుని కూర్చుని ఒక్క చెంచా కూడా మింగలేకపోయాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, ఎవరు నూరీ పేరెత్తినా నేను లేచి పనిలో పడేదాన్ని. దాన్ని చూసి ఇంకా మెచ్చుకునేవారు.

మూడో వారంలో నోట్లోంచి వాసన మొదలైంది. దవడ కింద గడ్డలా లేచి, ఒకరోజు చీము కారింది. ముందుపళ్ళు కట్టింది కట్టినట్టే ఉన్నాయి, ఒక్క తీగ కూడా కదలలేదు. కుళ్ళింది వెనక. సారు అక్కడ తడిమి, చేయి తీసేశాడు. "వెనక కూడా విరిగిందమ్మా. నేనే సరిగా చూడలేదు" అన్నాడు. ఎంతో మర్యాదస్తుడు, నన్ను మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. చెప్పేదాన్నని అనుకోవాలని ఉంది.

హైదరాబాదుకు తీసుకుపోవడానికి బండి తెచ్చాడు యాకూబ్. బండికి చెక్క వేశారు. నూరీ ఆ చెక్క దాకా వచ్చి ముందుకాలు దాని మీద పెట్టి, అక్కడే ఆగిపోయింది. ఎక్కే శక్తి లేదు. ఎముకలు లెక్కపెట్టేట్టు అయిపోయింది. మెల్లగా వెనక్కి నడిచి, బోను పక్కన పడుకుంది. యాకూబ్ తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం సైరన్ మోగింది. ఆరోజు నాకు వినపడింది. నేల అదిరింది, బోను పైపులు జుమ్మన్నాయి. నూరీ చెవి కూడా కదపలేదు. సైరన్ అంటే ప్రాణం పోయేటంత భయపడిన జీవం మాలాగే అయిపోయింది. ఇంకాసేపటికి పోయింది.

"నా సొంత అక్క గూడ గింత చెయ్యది" అన్నాడు యాకూబ్ నా చేతులు పట్టుకుని. నన్ను నాలుగు తన్నినా బాగుండేది.

సారు తర్వాతి ఏడు బదిలీ మీద వెళ్ళిపోయాడు. పోయేముందు రోజు కూడా నూరీ మాటే ఎత్తాడు. చేతకాని వైద్యం చేశాననే బాధ ఆయనకు. ఎక్కడున్నాడో తెలియదు, ఏ గుర్రం నోరు చూసినా ఆయనకు అదే గుర్తొస్తుందేమో. సైరన్ ఆరోజు నుంచి నాకు రోజూ వినపడుతుంది. ఆ వేళకు అన్నం తినను.

యాకూబ్ మళ్ళీ గుర్రం కొనలేదు. ఇప్పుడు షేర్ ఆటో నడుపుతాడు, గోదావరిఖనికీ సెంటినరీ కాలనీకీ మధ్య. నేను డ్యూటీకి పోయే దారి అదే. వేరే ఆటో ఎక్కవచ్చు కదా అంటారేమో. ఎక్కి చూశాను. మర్నాడు, "ఏంది అక్కా, కోపమా?" అని ఇంటి ముందుకే వచ్చి ఆపాడు. వాడి ఆటోలో అద్దం కింద ఒక లాడం వేలాడుతుంటుంది. నూరీది. అరిగి అరిగి ఒక అంచు కాగితంలా పలుచబడినది. ఎక్కినవాళ్ళంతా అదృష్టం కోసం కట్టాడనుకుంటారు.

పోయిన వారం ఒక ముసలాయన ఎక్కాడు. రిటైరైన బొగ్గుబాయి మనిషి. లాడం చూసి, "మంచిదేనా, కలిసొచ్చిందా?" అని అడిగాడు.

"కలిసొచ్చుటానికి కాదు కాకా, యాదికి" అన్నాడు యాకూబ్. "నా అలసత్వంతోటి ఒక జీవం పోయింది. లాడాలు ఇయ్యాల రేపని ఆపిన. రోజూ కండ్లముంగట ఉండాలని కట్టుకున్న." తర్వాత నా వైపు తల తిప్పాడు. "ఈ అక్క సాచ్చి. అప్పుడు పక్కనే ఉండె. అడుగు."

ముసలాయన నన్ను చూశాడు. నా తల ఊగింది. అవునన్నట్టు.

పదకొండేళ్ళ కిందటి అబద్ధం పాతబడిపోయిందని, రాయిలా అడుగున పడుందని అనుకున్నాను. అది పాతది కాదు. ఆ ఆటోలో, పట్టపగలు, మళ్ళీ కొత్తగా చెప్పాను. ఈ పదకొండేళ్ళలో ఎన్నిసార్లు ఊగిందో నా తల. వాడు ఆ లాడాన్ని చూసిన ప్రతి పొద్దునా నేను పక్కన కూర్చుని ఒప్పుకుంటూనే ఉన్నాను, అవును, తప్పు నీదే అని. లాడాలు అరిగితే అరిగాయి గానీ నూరీ జారలేదు. ఆ మధ్యాహ్నం అసలు ఎవరూ జారలేదు.

ఇది రాసినంత మాత్రాన యాకూబ్‌కు చెప్పినట్టు కాదని తెలుసు. మీరు క్షమించినా పనికిరాదు, గుర్రం మీది కాదు. రేపు పొద్దున వాడు ఇంటి ముందు హారన్ కొడతాడు, ముందు సీటు నాకోసం ఖాళీగా ఉంచుతాడు. ఆ లాడం వైపు చేయి చాచి నేను నోరు విప్పుతానో, ఎప్పట్లాగే కొంగు సర్దుకుని కూర్చుంటానో నాకే నమ్మకం లేదు. చెప్పి నా బరువు దించుకుంటే వాడి నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టవుతుందా అని కూడా అనుకుంటాను. ఆ అనుకోవడంలో వాడి మీద ప్రేమ ఎంతో, నా పిరికితనం ఎంతో వేరుచేయలేను.

ఇంతకాలం ఈ మాటలు పైకి అనలేదు, గోడకు కూడా వినిపించలేదు. ఇప్పుడు కాగితం మీద చూస్తుంటే గుండెలో ఏదో కాస్త సడలినట్టుంది. అంతే, విడిపోలేదు. ఒక్క పని మాత్రం ఈరోజు చేయగలను. సారు అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా బాకీనే ఉంది. ఆయన ఎక్కడున్నా, వినపడకపోయినా, అది ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఉండె సారూ. నోట్లె లగాం ఉండె. కట్టేసి ఉండె. పట్టుకొమ్మన్నడు, నేనే కట్టిన.